ఎనిమిదో దెబ్బ

పోయిన నెల ఏసీ వేసినప్పుడల్లా నా కారు ఇంజను దగ్గుతోందని ఆటోనగర్ తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మెకానిక్కు వచ్చి, స్టీరింగు కింద ఒక వైరు గుచ్చి, చేతిలో పలకలాంటిది చూసుకుని, "సెన్సరు పోనాది మేడమ్, మార్చీస్తే సరిపోద్ది" అన్నాడు. ఇంజను విప్పి చూడవా నాయనా అని అడిగాను. అతనికి నవ్వొచ్చింది. "ఇప్పడమేటి మేడమ్, ఈ బళ్లకి ఇంజను ఇప్పే పనే ఉండదు" అన్నాడు. ఉండదట! చేతికి మసి అంటకుండా గంటలో పనైపోయింది. ఆ గంటా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పక్క షెడ్డులో ఎవరో పాత లారీ సామాను కిరసనాయిల్లో కడుగుతున్నారు, ఆ వాసన గాలికి ఇటే కొట్టింది. ఆ వాసనొస్తే చాలు, ఇప్పటికీ నా నడుం పట్టేస్తుంది. చిన్నప్పటి వాసన తగిలితే మనసు పులకరించిందని రాస్తుంటారు కొందరు. నాకలాంటివేం లేవండీ. నా పదిహేడో ఏడూ పద్దెనిమిదో ఏడూ ఒక పాత పికప్పు బండి కింద పడుకుని గడిచిపోయాయి. దాని ఇంజను బాగుచేసింది మా నాన్నా నేనూ. మా నాన్న నోటితో, నేను చేతులతో.

మల్కాపురంలో మాది రెండు గదుల రేకుల ఇల్లు. ముందు వీధి, వెనక పెరడు, పెరటి గోడ మీంచి చూస్తే రిఫైనరీ గొట్టం చివర ఆరని మంట. గాలి ఇటు తిరిగిన రోజున కుళ్లిన గుడ్డు వాసన అన్నంలోకి కూడా వచ్చేది, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. నాన్న ఒక కంట్రాక్టరు దగ్గర క్రేన్ల ఫిట్టరు. మాట తక్కువ, చెవి ఎక్కువ. అన్నం ఉడుకుతుంటే గిన్నె చప్పుడు విని "నీళ్లయిపోనాయి" అనేవాడు. ఒకరోజు పనిలో ఇనుప రోపు తెగి, పైనున్న బరువు దిగి, కుడిచెయ్యి దాని కిందపడింది. తప్పెవరిదీ కాదు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి, మధ్యవి మూడూ పోయాయి. కంట్రాక్టరు మంచివాడే, పనిలోంచి తీసెయ్యకుండా గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకోమన్నాడు. ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నాడు నాన్న. పొద్దున్నే వెళ్లి రెండింటికల్లా వచ్చేసేవాడు. వచ్చి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆర్నెల్లు అలాగే గడిచాయి.

తర్వాత ఒకరోజు లారీకి గొలుసు కట్టి ఈడ్చుకుంటూ ఆ బండిని తెచ్చారు. తెచ్చింది అప్పారావు బాబాయి. జాలరిపేట మనిషి, మా నాన్నకి ప్రాణ స్నేహితుడు. వాళ్లు రామాలయానికీ మేం చర్చికీ వెళ్లేవాళ్లం, అయినా ఇద్దరూ ఒకర్నొకరు 'బావ' అనే పిలుచుకునేవారు. ఆ లెక్కన నాకు మావయ్య కావాలి గానీ నా నోటికి బాబాయే అలవాటైంది. బండి నడిస్తే హార్బరు నుంచి ఐసూ చేపలూ తోలుకోవచ్చని ఇద్దరి ఆలోచన. అడుగు రేకు తుప్పు పట్టి కింద నేల కనబడుతోంది. ఒక తలుపు లేదు. పెరట్లో ఇంకెక్కడా చోటు లేక అమ్మ పెంచుకున్న గోంగూర మడి మీదే నిలబెట్టారు. "ఏటండీ ఇది, బండేనా పీనిగా?" అంది అమ్మ. "దీనికింకా పేణముంది" అన్నాడు నాన్న. అప్పారావు బాబాయి నవ్వుతూ "బావ సెయ్యెట్టినాడంటే లేసి కూకుంటాది సెల్లీ" అనేసి, అన్నాక నాలిక్కరుచుకున్నాడు. అప్పుడు నాన్న నా వైపు తిరిగి "ఎస్తీ, ఇలగ రా. సేతులు సూపించు" అన్నాడు. నా పేరు ఎస్తేరు, ఇంట్లో ఎస్తీ. చూపించాను. తిప్పి తిప్పి చూశాడు. "సన్నగున్నాయి. ఇంజను బోరులోకి దూరతాయి" అన్నాడు. అప్పటికి పదో తరగతి ఫలితాలొచ్చి వారమే అయింది, నేనింకా ఏం చదవాలో అనుకుంటున్నాను.

మర్నాటి నుంచి నా రోజు ఇలా ఉండేది. చీకటితో లేచి ప్రార్థన. చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ. నాన్న గేటు డ్యూటీకి వెళ్తూ ఏయే సామాను కడగాలో చెప్పి వెళ్లేవాడు. అవన్నీ కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, పాత దుప్పటి మీద వరసలో పెట్టాలి. ఊడదీసిన వరస ఏదో అదే వరస. ఆ దుప్పటిని ఎవరూ దాటకూడదు. అమ్మ కూడా చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. మా కోడిపెట్ట ఒకసారి దాని మీద నడిచిందని కాలికి తాడు కట్టేశాడు. రెండింటికి నాన్న వచ్చి అన్నం తిని, ముక్కాలి పీట వేసుకుని మడ్‌గార్డు పక్కన కూర్చునేవాడు. నేను గోనెపట్టా పరుచుకుని బండి కిందకి దూరేదాన్ని. పొద్దుగూకేదాకా అంతే. "ఎడంకి తిప్పు. ఇంకాస్త. ఆగు. ఇప్పుడేటి తగిలింది సేతికి?" నునుపుగా ఉంది నాన్నా. "ఎంత నునుపు? గాజంతా, గోరంతా?" నేను కనబడేదాన్ని కాదు కదా, చప్పుడును బట్టే అంతా తెలుసుకునేవాడు. పానా జారినా, నట్టు అడ్డంగా ఎక్కినా నాకంటే ముందు ఆయనకే తెలిసేది. ఒక కర్ర ఇంజనుకు ఆనించి రెండో కొస చెవిలో పెట్టుకునేవాడు.

ముఖం మీద ఇనుము, వీపు కింద నేల, చెవుల చుట్టూ దోమలు. పక్కకి దొర్లుదామంటే చక్రం. నాతో చదివిన అమ్మాయిలు కాలేజీ బస్సు దిగి గోడవతల కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే వాళ్ల చెప్పుల చప్పుడు వినేదాన్ని. ఎంత సీకాయ రుద్దినా జుట్టుకి కిరసనాయిలు కంపు పోయేది కాదు, ఆదివారం చర్చిలో నా పక్క చాప ఖాళీగా ఉండేది. రంపపు పొట్టూ సబ్బుపొడీ కలిపి తోమితే మసి పోయేది గానీ గోళ్లలో నలుపు అలాగే ఉండిపోయేది. అన్నిటికంటే ఒళ్లు మండేదేమిటంటే, ఆ పని నాకు వచ్చేసింది. బాగా వచ్చేసింది! గాజువాకలో ఇంజనుకి బోరు చేయించుకొచ్చిన రోజున నాలుగు పిస్టన్లూ నేనే దింపాను, ఒక్క రింగు విరగలేదు. అప్పారావు బాబాయి చూసి "ఓలమ్మ, ఈ గుంట సేతులు మా బోటు ఇంజనుకి అద్దెకిస్తావేటి బావా?" అన్నాడు. నాన్న గర్వంగా నవ్వాడు. నేను లోపలికి పోయి ఏడ్చాను.

ఒక్క సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. క్రేన్ల ఫిట్టర్లకి ఒక కట్టుబాటు ఉండేది, నాన్న దాన్ని మా పెరట్లోకి తెచ్చాడు. పని ముగిశాక ఎవరి నోటి వెంటైనా 'ఫలానాది బిగించానా లేదా' అనే మాట వచ్చిందా, అక్కడితో అంతా విప్పాల్సిందే. ఎందుకు మర్చిపోయావని ఎవరూ తిట్టకూడదు, పర్లేదులే అని ఎవరూ సర్దిచెప్పకూడదు. మాట ఎవరిదైతే విప్పడమూ వాళ్లదే. కింద మనుషులు నిలబడే పని కదా, అందుకని. మొదటిసారి నాకు తెలియక, పిస్టను పిన్నుకి క్లిప్పు పెట్టానో లేదో అని పైకి అనేశాను. నాన్న పీట లాక్కుని కూర్చుని "ఇప్పు" అన్నాడు. రెండు రోజుల పని పోయింది. విప్పి చూస్తే క్లిప్పు దాని చోట అది ఉంది! అలా నాలుగుసార్లు నా నోటి వల్ల నేనే విప్పుకున్నాను. ఆ తర్వాత అనుమానం వస్తే మింగేసి, నాన్న డ్యూటీకి వెళ్లాక ఒక్కదాన్నే చూసుకోవడం నేర్చుకున్నాను.

నాకు నర్సు పని కావాలి. నాన్న చెయ్యి నలిగినప్పుడు ఆసుపత్రిలో కట్టు మార్చిన నర్సమ్మని చూశాక పట్టుకున్న కోరిక అది. తెల్లటి బట్టలు, తెల్లటి గోళ్లు. పాస్టరుగారి భార్యతో చెప్పి అమ్మ దరఖాస్తు పెట్టించింది. పెందుర్తి దాటాక ఒక మిషన్ ఆసుపత్రి, అక్కడే హాస్టలు, ట్రైనింగు. మొదటి ఏడాది సీటు వచ్చింది. ఉత్తరం నాన్నకి చూపిస్తే చదివి మడతపెట్టి "ఇంజను దుప్పటి మీదున్నాది. దీన్నిలగొగ్గీసి ఎలగెల్తావు? స్టార్టయినాక ఎల్లు" అన్నాడు. అమ్మ గట్టిగానే అడిగింది. "కూతురు బతుకు కన్నా ఇంజనెక్కువేటండీ మీకు?" నాన్న ఆ పూట అన్నం తినలేదు. తినకపోతే మేం లొంగుతామని ఆయనకి తెలుసు. సీటు ఎవరికో వెళ్లిపోయింది. పదిహేను రోజులు నాన్నతో మాట్లాడలేదు నేను. మాట్లాడలేదంటే, బండి కింద నుంచి 'ఇదా, ఇదేనా' అనక తప్పదు కదా. మౌనంగా ఉండటానిక్కూడా నాకు వీలు లేకపోయింది.

రెండో ఏడాది మళ్లీ రాశాను. ఈసారి కూడా పోతే మూడోసారి అడగొద్దని ఆసుపత్రి వాళ్లు చెప్పేశారు. రోజులు లెక్కపెట్టుకుంటూ పనిచేశాను. ఇంజను బండిలోకి ఎక్కింది. కింద నుంచి ఇంజను లోపలి ఇరుసుకి రాడ్లు బిగించడం మిగిలింది. నాలుగు పిస్టన్లకీ నాలుగు రాడ్లు, ఒక్కోదానికి రెండు నట్లు, మొత్తం ఎనిమిది. ఒక్కో నట్టు కింద పల్చటి రేకు ఉంటుంది, లాకు అంటారు. నట్టు బిగించాక ఆ రేకు చెవిని ఉలితో లేపి, సుత్తితో ఒక్క దెబ్బ కొడితే నట్టుకి అతుక్కుంటుంది, ఇంక నట్టు వదులవదు. అది మడవకపోతే ఆ రోజుకి ఏమీ కాదు. వారానికో నెలకో, ఒక్కోసారి మర్నాడే, అదిరి అదిరి నట్టు ఊడుతుంది, రాడ్డు విరిగి ఇంజను గోడని పొడుచుకుని బయటికొస్తుంది. అప్పుడు బండి ఏ ఘాటీలో ఉంటుందో, ఎవరు నడుపుతుంటారో చెప్పలేం.

అయిదు కొట్టాను. ఆరోది కొట్టబోతుంటే వీధిలోంచి అమ్మ కేక. "ఎస్తీ! ఉత్తరమొచ్చిందే!" సుత్తి పడేసి దొర్లుకుంటూ బయటికొచ్చాను. ఎల్లుండి పొద్దున్నే వచ్చి చేరాలి, ఒక్కరోజు దాటినా సీటు ఉండదు. నా మసి చేతుల ముద్రలు పడ్డాయి దాని మీద. మడిచి నడుం దగ్గర పావడాలో దోపుకున్నాను. "అవ్వనీ, పని కానీ" అన్నాడు నాన్న, పీట మీంచి లేవకుండా. మళ్లీ దూరాను. గబగబా నట్లు బిగించాను. లాకులు కొట్టాను. అడుగున నూనె తొట్టి ఎక్కించి, ప్యాకింగు పెట్టి, దాని బోల్టులన్నీ బిగించి, నూనె పోసేసరికి సాయంత్రమైంది. నూతి దగ్గర పొట్టుతో చేతులు రుద్దుకుంటూ, అలవాటు కొద్దీ చేసిన పనంతా మనసులో మళ్లీ ఒకసారి చేసుకుంటూ వచ్చాను. అయిదు. ఉత్తరం. తర్వాత రెండు దెబ్బలు. నాలుగో రాడ్డువి రెండూ కొట్టాను. మూడో రాడ్డుకి ఇటువైపుది? చేతులకి నురగతో అలాగే నిలబడిపోయాను. అది మడవలేదు.

చెప్పొచ్చు. నాన్న పది అడుగుల దూరంలో ఉన్నాడు. చెప్తే 'ఇప్పు' అంటాడు. నూనె దింపి, తొట్టి దింపి, ప్యాకింగు చిరిగితే కొత్తది కోయించి, మళ్లీ అంతా బిగించడానికి మూడు రోజులు. ఎల్లుండి దాటిపోతుంది. చెప్పకుండా నేనొక్కదాన్నే రహస్యంగా చేసే పనీ కాదు. నేను మంచిదాన్నని మీరనుకుంటుంటే పొరపాటు. ఆ సాయంత్రం మా నాన్న ప్రాణమూ నా సీటూ రెండూ నా ముందున్నాయి, నేను చేతులు కడుక్కుని లోపలికెళ్లి సీటు పక్షాన అన్నం తిన్నాను.

మర్నాడు పాస్టరుగారు వచ్చి బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అప్పారావు బాబాయి కొబ్బరికాయ తెచ్చి, పాస్టరుగార్ని చూసి దాన్ని వెనక్కి దాచుకుని, ఆయన వెళ్లాక కొడతాన్లే అని నా చెవిలో అన్నాడు. నాన్న హేండిలు తిప్పమన్నాడు, బాబాయి తిప్పాడు. మూడో తిప్పుకి ఇంజను అంటుకుంది! ఆ చప్పుడు ఎంత సాఫీగా ఉందంటే వీధిలో వాళ్లంతా గోడ మీంచి చూశారు. అమ్మ ఏడ్చేసింది, గోంగూర మడి మర్చిపోయి. నాన్న కర్ర ఆనించి విన్నాడు. నిమిషం కూడా కాలేదు, "సాలు" అని ఆపేశాడు. "అదేటి బావా, ఒక రవుండు కొడదాం" అన్నాడు బాబాయి. "కొత్త ఇంజను. అప్పుడే తిప్పకూడదు. నాలుగు రోజులాగాల" అన్నాడు నాన్న. నాలుగు రోజులు ఎవరూ దాన్ని కదపరని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాతి పొద్దున ట్రంకుపెట్టె పట్టుకుని బస్సెక్కాను. బస్టాపు దాకా నాన్న రాలేదు. పెరట్లో ఉండిపోయాడు.

హాస్టల్లో తెల్లటి గోడలు, తెల్లటి దుప్పట్లు, వరసగా ఇనుప మంచాలు. నేను ఎంత కోరుకున్న చోటో. మూడు రోజులు వార్డులు ఊడ్చాను. రోడ్డు మీద ఏ బండి పోయినా చెవి అటే పోయేది. నాలుగు రోజులంటే నాలుగే కదా, మర్నాడు నాన్న బండి తీస్తాడు. అమ్మని ఎక్కించుకుంటాడు. చీటీ రాసి పంపుదామంటే అది చేరేది ఎప్పుడు? బయటికెళ్లడానికి మేట్రన్‌గారి అనుమతి కావాలి, చేరిన నెల వరకూ ఇవ్వరు, చెప్పకుండా గేటు దాటితే మళ్లీ రానక్కర్లేదు. చేరిన రోజే చదివి సంతకం పెట్టించారు. నాలుగో రోజు పొద్దున వార్డు ఊడ్చే చీపురు గోడకి ఆనించి, గేటు దాటి, పరిగెత్తి బస్సు పట్టుకున్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. నాన్న డ్యూటీకి వెళ్లలేదు. నూతి గట్టు మీద కూర్చుని పొట్టుతో చేతులు తోముకుంటున్నాడు. జుట్టూ చెవులూ కూడా నూనె. అదేమిటని ఆలోచించే స్థితిలో లేను నేను. నిలబడిన చోటునుంచే ఒక్క గుక్కలో చెప్పేశాను.

"నాన్నా, బండి తియ్యకు. మూడో రాడ్డుకి ఒక లాకు మడవలేదు."

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఏడే ఇనబడ్డాయి." చేతులు తోముకుంటూనే చెప్పాడు. "నాను ఎంచుతానే ఎస్తీ. నువ్వు కొట్టిందల్లా ఎంచుతాను. ఎనిమిదుండాల, ఏడే ఇనబడ్డాయి. సెప్పుదామని నోరు తెరిసినాను. నువ్వు బయటికొచ్చినావు, ఆ ఉత్తరం నీ నడుంకాడ కనబడ్డాది. ఊరుకున్నాను."

అనుమానం నోటికొస్తే విప్పాల్సిందేనని నాలుగుసార్లు నాచేత విప్పించిన మనిషి, ఖాయంగా తెలిసిన తప్పుని నోట్లోనే అట్టిపెట్టుకున్నాడు. వాకిట్లోంచి అమ్మ అంది. "నువ్వు బస్సెక్కిన పొద్దుటి నుంచీ ఆ బండి కిందే ఉన్నాడు తల్లీ. డ్యూటీ మానీసినాడు. అప్పారావు సాయమొస్తానంటే గూడా రావొద్దన్నాడు. ఇప్పుడే బయటికొచ్చినాడు." నాన్న ఎడంచెయ్యి బొబ్బలెక్కి ఉంది. కుడిచేతికి పానాని గుడ్డపీలికతో కట్టుకున్నట్టున్నాడు, మణికట్టు చుట్టూ ఒరుసుకుపోయి నెత్తుటి గాడి. ఎనిమిదో లాకు మడిచాడు. మళ్లీ అంతా బిగించి, నూనె పోశాడు.

"సెప్పొచ్చినావా అక్కడ?" అన్నాడు ఉన్నట్టుండి. లేదన్నాను. మా నాన్న గొంతు పెరగడం నేను పుట్టాక వినలేదు. ఆ రోజు విన్నాను. "ఎవులు రమ్మన్నారే నిన్ను!" పొట్టు డబ్బా విసిరి గోడకి కొట్టాడు. "నానేటో పడతాను కదా ఇక్కడ! నీకెందుకూ? ఎందుకొచ్చినావే!" తిట్టి, ఆయాసపడి, లుంగీ బిగించి, "ఎక్కు" అన్నాడు. బండి అప్పటికి రోడ్డెక్కనే లేదు. లైసెన్సు సంగతి నన్నడక్కండి. తలుపు లేని వైపు నేను కూర్చున్నాను. నాన్న స్టీరింగుని కుడి మోచేత్తో అదిమి పట్టి, ఎడంచేత్తో గేర్లు వేస్తూ, మలుపొచ్చినప్పుడల్లా ఒళ్లంతా వంచి తిప్పుతూ ఎన్‌ఏడీ జంక్షను దాటించాడు. ఇంజను మాత్రం ఒక్క అపశ్రుతి పలకలేదు.

గోపాలపట్నం దాటాక నాకు కోపమొచ్చింది. ఆలస్యంగా వచ్చింది గానీ గట్టిగా వచ్చింది. "ఆ చేతుల్తో నువ్వే చెయ్యగలిగినప్పుడు రెండేళ్లు నన్నెందుకు పట్టుకున్నావు నాన్నా? నా సీటు పోయింది. నాకు తోటివాళ్లు లేకుండా పోయారు. ఎందుకు?" రోడ్డు మీంచి కళ్లు తియ్యలేదు నాన్న.

"బయిమే."

"ఏం భయం?"

"ఆ కింద తొంగోడానికి. రోపు తెగినకాడినుంచీ నెత్తి మీద ఏ బరువున్నా నాకు ఊపిరాడదే. బండి కింద తల పెడితే సెమటలు పట్టీసీవి. నువ్వు కింద, నాను పక్కన, నీ మాట ఇనబడతంటే బాగుండీది. ఒక్కన్నీ వల్లకాదు. బయిమని కూతురికెలగ సెప్పుకుంటారు? సెయ్యి లేదని సెప్పుకున్నాను."

"మరి ఈ మూడ్రోజులు?"

"మూడ్రోజులూ బయిమే మరి" అన్నాడు.

గేటు దగ్గర మేట్రన్‌గారే ఉన్నారు, నాకోసమే వెతుకుతూ. "నీ పెట్టె సర్దించాను" అన్నారు నన్ను చూడగానే. నాన్న బండి దిగి ఆవిడ ముందుకెళ్లి, మొండిచెయ్యి ఎదురుగా పెట్టి చూపించాడు. "నానే కబురెట్టినానమ్మా. ఒక పనికి నా సెయ్యి సాల్లేదు, రమ్మన్నాను. నాన్న కదా, ఒచ్చింది. తప్పు నాది. దాన్నేటీ అనకండి. ఇంక పిలవను." ఆవిడ ఆ చేతి మణికట్టు చూశారు. నర్సు కదా, గాడి ఎంత కొత్తదో ఆవిడకి తెలుస్తుంది. "ఆరు నెలలు ఇంటికి పంపేది లేదు, ఎవరు పిలిచినా" అన్నారు. "మంచిదమ్మా" అన్నాడు నాన్న. నన్ను లోపలికి తోసి గేటు గడియ పెట్టించారు. ఇనుము కింద నుంచి ఇనుప ఊచల వెనక్కి వచ్చానన్నమాట.

నేను నలభై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆనాటి పొలాల్లో లేచిన పెందుర్తి కాలనీల్లోనే ఇప్పుడు నా ఇల్లు. ఈ రోజుల్లో పిల్లలకి బతుకుతెరువు చూపించడమే తల్లిదండ్రుల పని అంటారు, నిజమే, నా పిల్లల్ని నేను ఒక్కరోజు కూడా నా పనికి కట్టేసుకోలేదు. వాళ్లకి నా భయాలు ఒక్కటీ తెలియవు కూడా. ఆ రెండేళ్లూ నావి, వాటికోసం మా నాన్న మీద నాకు ఇప్పటికీ కోపమే, ఆయన పోయాక కూడా తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. కానీ ఇది రాస్తుంటే ఆ గేటే కళ్ల ముందు ఆడుతోంది.

అది ఇరుకు సందు. బండి తిరగదు, వెనక్కే పోవాలి. నాన్న ఎక్కి స్టార్టు చేసి, వెనక్కి చూద్దామని మెడ తిప్పితే స్టీరింగు జారిపోతోంది. ఒకటికి రెండుసార్లు గోడకి తగలబోయి ఆపాడు. వెనక నిలబడి చెప్పడానికి మనిషి లేడు. నేనెళ్తానమ్మా అన్నాను, మేట్రన్‌గారు కదలొద్దన్నారు. అప్పుడు ఊచలు పట్టుకుని గొంతు చించుకుని అరిచాను. "రైట్ కొట్టు నాన్నా! ఇంకాస్త! లెఫ్ట్! లెఫ్ట్ కొట్టు! కాలవుంది, చూసుకో!" నాన్న వెనక్కి చూడటం మానేశాడు. ముందుకే, నా వైపే చూస్తూ, నేను చెప్పింది చెప్పినట్టు తిప్పుతూ పోయాడు. వార్డు కిటికీల్లోంచి పేషెంట్లు చూస్తున్నారు. నాకు కళ్లు కనబడటం లేదు, చప్పుడును బట్టి చెబుతున్నాను. సందు చివర ఆగింది బండి, ఇంకేమైనా చెబుతానేమోనని.

"ఖాళీయే నాన్నా" అని అరిచాను. "ఏం లేదు వెనక. పోనియ్, పోనియ్!"